మూడు గదుల గుండె

మా చెల్లెలు పద్మ మెట్లెక్కే తీరు వేరు. సూరత్‌ కోసాడ్ కాలనీలో వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. పద్మ ప్రతి మలుపు దగ్గరా ఆగుతుంది, కొంగు సర్దుకుని పై మెట్టు మీద కూర్చుంటుంది, కూరగాయల సంచి పక్కన పెట్టుకుంటుంది, కాసేపు ఎదురుగా ఉన్న గోడను చూసి మళ్ళీ లేస్తుంది. అలసిపోయి కాదు. ఆయాసం ఉండదు, చెమట పట్టదు. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కూర్చుంటుంది. ఆ బిల్డింగులో ఒడియా వాళ్ళూ మరాఠీ వాళ్ళూ మనవాళ్ళూ కలిసి ఉంటారు. అందరికీ ఈ సంగతి తెలుసు. మెట్ల మీద ఆమె కనిపిస్తే పిల్లలు కూడా వేగం తగ్గించి, 'మాసీ బైఠీ హై', పిన్ని కూర్చుంది, అనుకుంటూ ఒక పక్క నుంచి తప్పుకుని పోతారు.

మా బంధువుల్లో, సూరత్‌లో స్థిరపడ్డ మా సిరిసిల్ల దిక్కు వాళ్ళలో, ఈ కూర్చోవడానికి ఒక కథ ఉంది. చిన్నప్పుడు పద్మకు గుండెలో రంధ్రం ఉందని తేలింది, పెద్ద డాక్టరు కదలొద్దన్నాడు, పిల్ల బుద్ధిగా మాట విని బడి మాని కూర్చుంది, అందుకే ఇయ్యాల మన మధ్య ఉంది. పెళ్ళిళ్ళలో, దినాల్లో ఈ కథ ఎవరో ఒకరు ఎత్తుతారు. గెంతులేసే పిల్లలకు పద్మను చూపించి చెబుతారు. పద్మ తల వంచుకుని వింటుంది, ముఖంలో చిన్న గర్వం కనబడుతుంది. నేను ఆ కథ ఎన్నోసార్లు విన్నాను. ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్నది అందుకే. కదలొద్దన్నది డాక్టరు కాదు. నేను.

పోయిన నెల పద్మ కూతురు కవిత ఫోన్ చేసి రమ్మంది. కవిత బిడ్డ ఖుషీని బాల్వాడీలో పరీక్ష చేసిన డాక్టరమ్మకు గుండెలో ఏదో శబ్దం వినబడిందట. పెద్దాసుపత్రిలో మిషను పెట్టి చూశారు. చాలా చిన్న రంధ్రం, దానంతటదే పూడుకోవచ్చు, పూడుకోకపోయినా భయం లేదు, ఏడాదికోసారి చూపించండి అన్నారు. కవిత ధైర్యంగానే ఉంది. పద్మ మాత్రం ఆ రోజు నుంచి మనవరాలిని కిందికి దిగనివ్వడం లేదు. నేను వెళ్ళేసరికి ఖుషీ ముందుగదిలో ఒక్కతే ఆడుకుంటోంది. రెండు బొమ్మలు, ఒక నీళ్ళ సీసా, కుక్కర్, చెప్పు, అన్నిటినీ వరసగా, ఒకటి ఇటు తిప్పి, ఒకటి అటు తిప్పి కూర్చోబెట్టింది. వాటి చుట్టూ నడుస్తోంది. పరుగెత్తడం లేదు, అమ్మమ్మ చెప్పినట్టు మెల్లగా అడుగులో అడుగు వేస్తూ పోయి, కుక్కర్ వీపు మీద అరచేత్తో కొట్టి, 'ఖో' అంటోంది. కుక్కర్ లేవదు కనుక తనే మళ్ళీ నడుస్తోంది.

"మామా, నువ్వు సైన్స్ సారువు గద, అమ్మకు జర నువ్వే చెప్పు. నేను చెప్తె వింటలేదు," అంది కవిత.

"అన్న చెప్పేదేంది?" అంది పద్మ, నాకు చాయ్ గ్లాసు అందిస్తూ. "నాకు చిన్నప్పుడు అన్నీ విడమరిచి చెప్పింది అన్ననే గద. నేను కూసున్న గనుకనే బతికిన. పోరిని గూడ జరన్ని రోజులు కూసోబెడితె ఏం బోతది?"

నేను చాయ్ తాగి వచ్చేశాను.

*

అప్పట్లో మేము సలాబత్‌పురాలో ఒక మగ్గాల షెడ్డు మీది గదిలో ఉండేవాళ్ళం. సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. మా బాపు ఆ ఖాతాలోనే పని చేసేవాడు. కింద మగ్గాలు నడుస్తుంటే పైన మా గది నేల ఎప్పుడూ వణుకుతూ ఉండేది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. గిన్నెలో నీళ్ళు పోస్తే నీటి మీద గుండ్రటి మడతలు పడేవి, ఎంతసేపు చూసినా అవి ఆగవు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు మొదటిరోజు తల తిరుగుతోందనేవారు. మాకు మాత్రం మగ్గాలు ఆగితేనే నిద్ర పట్టేది కాదు. వారానికొకరోజు కరెంటు సెలవు. ఆ రోజు గది ఒక్కసారి బరువెక్కినట్టు, మనుషులందరూ ఎక్కడికో పోయినట్టు ఉండేది. నూనె, గంజి, తడి నూలు, వాటి మీదుగా అవ్వ కాల్చే జొన్నరొట్టె వాసన. మా అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. పక్కన పచ్చిపులుసు కోసం నిప్పుల మీద కాల్చిన ఉల్లిగడ్డ వాసన. ఇప్పుడు ఏ వంటింట్లో ఉల్లిగడ్డ మాడినా నా అరికాళ్ళకు ఆ వణుకు వచ్చేస్తుంది.

బాపుకు చెవులు సగం పోయాయి. ఖాతాలో ఎవరి చెవులూ నిలవవు. అక్కడ మాటలుండవు, సైగలే. బొటనవేలు తిప్పితే ఏమైందని, పిడికిలి బిగిస్తే మగ్గం ఆపమని. బాపు ఇంట్లో కూడా సగం సైగలతోనే మాట్లాడేవాడు. చెవులు చేసే పని ఆయన అరచేతులు చేసేవి. మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ఎక్కడో మేకు వదులైందని చెప్పేవాడట. ఇంటికి వచ్చాక అదే చెయ్యి తలుపు మీద, నీళ్ళ బిందె మీద, మా వీపుల మీద పడేది. మమ్మల్ని ముద్దు చేయడం ఆయనకు రాదు. అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచడమే.

నేను తొమ్మిదో తరగతి, పద్మ ఏడు. మున్సిపాలిటీ తెలుగు బడి. నేను పుస్తకాల పురుగును. పద్మ ఖో-ఖో ఆడేది. సన్నటి కాళ్ళు, రెండు జడలు, వరసలో కూర్చున్న పిల్లల మధ్య నుంచి అది పాములా తిరుగుతుంటే మాస్టర్లు కూడా చాయ్ గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడేవారు. వేరే బళ్ళతో పోటీలకు బార్డోలీ పోయే జట్టులో దాని పేరు కూడా వచ్చింది. ఇంట్లో ఎవరికీ బార్డోలీ అంటే చెరుకు తోటలని తప్ప ఏమీ తెలియదు. పద్మ మాత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటానని, పిప్పి గుట్టలు చూస్తానని, గలాసెడు రసం తాగుతానని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. తెల్ల రిబ్బన్లు ఉతికి దండెం మీద ఆరేసుకుంది.

ఆ వారం కరెంటు సెలవు రోజు పద్మ ఆడి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే బాపు ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. బాపు అలవాటుగా దాని ఎద మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపటికి ముఖం మారింది. చెయ్యి తీసి నేల మీద ఆనించాడు. నేల కదలడం లేదు. మళ్ళీ పిల్ల ఎద మీద పెట్టాడు.

"మగ్గాలు బంద్ ఉన్నయి గద. మరి ఇదేంది?" అన్నాడు.

మమ్మల్ని కూడా పెట్టి చూడమన్నాడు. అవ్వ పెట్టింది, నేను పెట్టాను. గుండె కొట్టుకోవడం అందరికీ తెలుసు. ఇది దాని వెనకాల ఉంది. పిల్లి ఒళ్ళో పడుకుని గురగురలాడితే చేతికి తగిలినట్టు, కొట్టుకున్న ప్రతిసారీ సన్నటి జలదరింపు. పద్మ నిద్రలో నవ్వి పక్కకు తిరిగింది.

మర్నాడు అవ్వ, నేను దాన్ని స్టేషన్ దిక్కు ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. అవ్వకు గుజరాతీ రాదు, హిందీ అంతంత మాత్రం. మాట్లాడటానికి నేను. డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు, పద్మ గోళ్ళు చూశాడు, పెదవులు చూశాడు, పద్మను గది ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికించాడు. తర్వాత నా వైపు తిరిగి చెప్పాడు. గుండెలో రెండు గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం ఉంది, చిన్నది కనుకనే అంత చప్పుడు, భయం లేదు, ఏడాదికోసారి తీసుకురండి అన్నాడు. లేస్తుంటే పద్మ జడ పట్టి లాగి నవ్వుతూ, 'రమవా దో' అన్నాడు. ఆడుకోనివ్వండి అని.

ఇంటికి వచ్చేసరికి బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బొటనవేలు తిప్పాడు. ఏమైంది?

ఆ వారమే బడిలో సారు మాకు రక్తప్రసరణ పాఠం చెప్పాడు. చేపకు రెండు గదుల గుండె, కప్పకు మూడు, మనకు నాలుగు. కప్ప గుండెలో కింద ఒకటే గది కనుక ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తమూ, ఒళ్ళంతా తిరిగి వచ్చిన చెడు రక్తమూ కలిసిపోతాయి, అందుకే కప్పకు ఒంట్లో వేడి ఉండదు, ఎక్కువసేపు కదలలేదు, బురదలో పడి ఉంటుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఇంట్లో నేను చదివింది అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. చాక్‌పీసు తీసుకుని మా గది నల్లరాతి నేల మీద గుండె బొమ్మ గీశాను. నాలుగు గదులు. మధ్య గోడలో కొంచెం చెరిపాను. ఇప్పుడు చూడండి, కింది రెండు గదులూ ఒకటైపోయినయి, పద్మది కప్ప గుండె అయింది, మంచి నెత్తురూ చెడు నెత్తురూ కలుస్తున్నయి అన్నాను. బాపుకు వినబడాలి కనుక గొంతెత్తి చెప్పాను. కింద మగ్గాలు నడుస్తున్నాయి, ఆ గదిలో అబద్ధం కూడా అరిచే చెప్పాలి.

బాపు బొమ్మ పక్కన గొంతుకూర్చున్నాడు. ఆయన బొమ్మను చూడటం లేదు. అరచేతిని చూసుకుంటున్నాడు. దడ పుట్టిన మగ్గాన్ని అట్లనే నడిపిస్తే కడ్డీ విరుగుతుంది, ముందు పిడికిలి బిగించి బంద్ చేయించాలి, ఆయనకు బతుకంతా తెలిసిన సంగతి అదొక్కటే. నా పాఠమూ ఆయన మగ్గమూ ఒకే మాట చెబుతున్నట్టు ఆయనకు తోచింది.

"అంటె కదలద్దు గద," అన్నాడు.

నేను అవునన్నాను. అవ్వ రొట్టె పిండి చేతులతో అలాగే నిలబడి నన్ను అడిగింది.

"డాక్టర్ గిట్లనే అన్నడా?"

"అన్నడు."

అంతే. ఆ ఒక్క మాట. తర్వాత చాలా ఏళ్ళు ఎందుకన్నానని వెతుక్కున్నాను. బొమ్మ గీసి అంతసేపు చెప్పాక కాదనడానికి సిగ్గేసింది, అది నిజమే. దానికేమైనా అవుతుందని భయపడ్డాను, అదీ నిజమే. బార్డోలీ బస్సులో కిటికీ పక్కన దాని కోసం ఒక సీటుందని, నా కోసం ఎక్కడా ఏదీ లేదని నాకు తెలుసు. అది కూడా కారణం కాదని ఇప్పుడు చెప్పలేను.

*

మొదట సెలవుల దాకా బడి మానమన్నారు. తర్వాత వానాకాలం పోనీ అన్నారు. ఏడాది గడిచాక చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గని పద్మే బడి వద్దంది. అప్పటికి ఇంటి చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ చీరల మీద రాళ్ళు అంటించే పని తెచ్చుకునేవారు. కూర్చున్న చోటే చేసే పని కనుక అది పద్మకు వచ్చిపడింది. కిటికీ కింద చాప, ఒళ్ళో చీర, పక్కన జిగురు గిన్నె. పుల్లతో జిగురు చుక్క పెట్టి, వేలి కొసతో మెరిసే రాయి అద్దేది. బాపు పని నుంచి రాగానే తలలో దూది దులుపుకుని, చేతులు కడుక్కుని, దాని వీపు మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. దడ ఉండేది. ఎందుకుండదు? కాని పెరగలేదు, కూర్చోబెట్టినందుకే పెరగలేదనుకుని తృప్తిగా అన్నానికి కూర్చునేవాడు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నా జీవితంలో మళ్ళీ ఒకసారి బతకడానికి ఏ కాలం కావాలని ఎవరైనా అడిగితే నేను ఆ సాయంత్రాలనే అడుగుతాను. నేను బడి నుంచి మెట్లెక్కుతుంటేనే నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి పద్మ చీర పక్కకు జరిపేది. నేను సంచి దించకముందే అడిగేది.

"ఇయ్యాల ఏ జంతువు?"

ఒకరోజు బొద్దింక. దానికి రక్తనాళాలు ఉన్నా లేనట్టే, గుండె తోసిన రక్తం ఒంట్లోకి ఒలికి, పేగులనూ కండలనూ తడిపి, మెల్లగా మళ్ళీ గుండెకు చేరుతుంది. గాలి మోసే పని దానికి లేదు, గాలికి వేరే గొట్టాలున్నాయి, అందుకే ఎర్రగా ఉండదు అని చెప్పాను. పద్మ నమ్మలేదు. మోరీ దగ్గర ఒకదాన్ని చెప్పుతో కొట్టి, తెల్లటి చెమ్మ చూసి, 'పాపం, నెత్తురు గూడ లేదు దీనికి' అని బాధపడింది. ఒకరోజు చేప. అవ్వ చేప కడుగుతుంటే మొప్పల కింద వేలు పెట్టి చిక్కుడు గింజంత గుండె బయటికి తీశాం. చేప గుండె ఒక్కసారే తోస్తుంది, ఆ తోపుకే రక్తం మొప్పల్లోకి పోయి, గాలి పట్టుకుని, అక్కడి నుంచి అటే ఒంట్లోకి పోవాలి. సన్నటి మొప్పల్లో దూరేసరికి ఊపు సగం తగ్గిపోతుంది. మన రక్తం అట్లా కాదు, ఊపిరితిత్తుల నుంచి మళ్ళీ గుండెకే వచ్చి రెండో తోపు తీసుకుని పోతుంది. పద్మ ఇదంతా విని, స్టేషన్ నుంచి బస్సు మారకుండా పోయేవాళ్ళు చేపలు, స్టేషన్‌కు తిరిగొచ్చి బస్సు మారేవాళ్ళు మనుషులు అంది. నేను ఇప్పటికీ తరగతిలో అట్లాగే చెబుతాను.

ఆదివారాలు బాపు మటన్‌తో పాటు మేక గుండె ఒకటి విడిగా తెచ్చేవాడు. గుండె తింటే గుండెకు బలమని ఎవరో చెప్పారు. అవ్వ వండేలోపు అది మాది. స్టీలు పళ్ళెంలో పెట్టి బాపు గడ్డం గీసుకునే బ్లేడుతో కోసేవాళ్ళం. పైన రెండు పల్చటి చెవుల్లాంటి గదులు, కింద రెండు పెద్దవి. ఒళ్ళంతటికీ రక్తం తీసుకుపోయే లావు గొట్టంలోకి పద్మ చెంబుతో నీళ్ళు పోస్తే లోపల మూడు చిన్న తెరలు ఒకదానికొకటి ఆనుకుని మూసుకునేవి, నీళ్ళు కిందికి దిగకుండా గొట్టంలోనే నిలిచేవి. అది చూసి పద్మ నవ్వేది. మళ్ళీ పోసేది. ఒకసారి కింది గదుల మధ్య గోడ చూపించి నీకు రంధ్రం ఉన్నది ఈడనే అన్నాను. అది జిగురంటిన వేలి కొస ఆ గోడ మీద పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది.

"గింతనేనా?" అంది.

తర్వాత అటూ ఇటూ చిటికెన వేలితో కొలిచి, ఎడమ దిక్కు గోడ ఇంత మందం, కుడి దిక్కు అంత పలచన ఎందుకని అడిగింది. ఎడమ గది ఒళ్ళంతటికీ తొయ్యాలి, కుడి గది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు, అందుకే ఎడమదానికి బలమెక్కువ అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. నా నోటితోనే చెప్పాను. బలమైన గదికీ బలహీనమైన గదికీ మధ్య రంధ్రం ఉంటే ఎటు నుంచి ఎటు కారుతుంది? ఎడమ నుంచి కుడికి. మంచి రక్తమే కొంచెం వెనక్కి పోయి ఊపిరితిత్తుల్లో ఇంకో చుట్టు తిరిగి వస్తుంది. చెడు రక్తం ఇటు రానే రాదు. పద్మ ఒంట్లో తిరుగుతున్నది మా అందరి ఒంట్లో తిరిగే రక్తం లాంటిదే. జవాబు పళ్ళెంలో, ఇద్దరి మధ్య పడి ఉంది. అవ్వ వచ్చి పళ్ళెం తీసుకుపోయి మిరియాలు వేసి వేయించింది.

రంధ్రంలోంచి రక్తం ఎటు కారుతుందో నాకు కాలేజీలో తెలిసింది. కప్ప గురించి కూడా అప్పుడే తెలిసింది. కింద ఒకటే గది ఉన్నా కప్ప గుండెలో రెండు రక్తాలూ అంత గుడ్డిగా కలిసిపోవు, లోపల మెలిపడిన ఒక తెర వాటిని చాలావరకు వేరువేరు దారుల్లోకి మళ్ళిస్తుంది. పైగా కప్ప తడి చర్మంతో కూడా గాలి పీల్చుకుంటుంది. నీళ్ళలో మునిగినప్పుడు ఊపిరితిత్తులతో పని లేదు కనుక రక్తాన్ని అటు పంపడం తగ్గించుకుంటుంది, నాలుగు గదుల గుండెకు ఆ వెసులుబాటు లేదు. అది సగం కట్టి వదిలేసిన గుండె కాదు, కప్పకు కావలసిన గుండె. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాను. పద్మ పెళ్ళికూతురి చీర మీద రాళ్ళు అద్దుతోంది. నేను దానికి పాఠాలు చెప్పడం మానేసి చాలాకాలమైంది, అయినా సరదాకి తలెత్తి అడిగింది, ఇయ్యాల ఏ జంతువని. నేను ఏం లేదన్నాను.

పద్మకు పెళ్ళై, కవిత కడుపులో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పద్మ గుండె చూసి, ఇంత చిన్నదానికి నిన్నెవరు కూర్చోబెట్టారని హిందీలో అడిగింది. చిన్నప్పుడు డాక్టరు చెప్పాడంది పద్మ. ఆ డాక్టరు తప్పు చెప్పాడంది ఆవిడ. నేను పక్కనే మందుల సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. బయటికి వచ్చాక పద్మ నాతో, ఇప్పుడు బాగుంది గనుక గిట్లంటరు, అప్పుడు కూసోకపోతే ఈమె చూసేటందుకు నేను ఉంటుంటినా అంది. దాని ముఖం చూశాను. బడి, ఆట, బార్డోలీ, అన్నీ ఇచ్చి అది ఒక ప్రాణం కొనుక్కున్నాననుకుంటోంది. నిజం చెబితే అవన్నీ ఊరికే పోయినట్టు. దాని మీద దయతోనే నోరు మూసుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

సలాబత్‌పురాలో ఆ ఖాతా ఇప్పుడు లేదు. మగ్గాలు ఊరి బయటికి పోయాయి, ఆ చోట చీరల గోదాము కట్టారు. మొన్న అటు పోయినప్పుడు షట్టరు మీద అరచెయ్యి ఆనించి చూశాను. ఏ కదలికా లేదు. బాపు పోయాడు, అవ్వ పోయింది. మా బడిలో తెలుగు చదివే పిల్లలు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్ళు ఫోనులో గుండె కొట్టుకునే వీడియో చూపించి నాకే చెబుతారు. రంగులతో చాలా బాగుంటుంది. ఎవరి వేళ్ళకూ తడి అంటదు. నేను ఏటా బోర్డు మీద కప్ప గుండె గీస్తాను, గదులకు పేర్లు రాస్తాను, వెనక్కి తిరిగితే ఇయ్యాల ఏ జంతువని అడిగే గొంతు ఎక్కడా ఉండదు.

*

ఆదివారం మళ్ళీ కోసాడ్ పోయాను. మొదటి అంతస్తు మలుపులోనే పద్మ కనబడింది. సంత నుంచి వస్తూ తన చోట కూర్చుని ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ మెట్ల మీద నేను దాని పక్కన నిలబడి ఎదురు చూస్తూ వచ్చాను. ఆ రోజు కూర్చున్నాను. పైన మూడో అంతస్తు కటకటాల్లోంచి కాళ్ళు బయటికి వేలాడేసి ఖుషీ కింద ఆడే పిల్లల్ని చూస్తోంది, చెప్పుల్లేని చిన్న పాదాలు ఇక్కడికి కనబడుతున్నాయి.

మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. చాక్‌పీసు బొమ్మ, బాపు అడిగింది, అవ్వ అడిగింది, నేనన్నది. పద్మ సంచిలోంచి తొంగి చూస్తున్న మెంతికూర కట్టను లోపలికి నెట్టింది. నేను ఆగాక అడిగింది.

"డాక్టర్ ఏమన్నడో అచ్చం అట్లనే చెప్పు."

"రమవా దో అన్నడు."

దానికి ఇప్పుడు నాకంటే మంచి గుజరాతీ వచ్చు. తెలుగులో చెప్పే అవసరం లేదు. రమవా దో, అని పెదవులతో మాత్రం అనుకుంది.

"బాపుకు తెల్సా?"

"తెల్వదు."

"మంచిగైంది."

గోడ మీద ఎవరో పిల్లలు గీసిన వికెట్ల గీతలను చూస్తోంది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"మరి కప్పది గూడ అబద్ధమేనా?"

నేను కప్ప సంగతి చెప్పాను. తడి చర్మం, లోపలి తెర, నీళ్ళలో మునిగినప్పుడు అది చేసే పని. పద్మ చిన్నప్పటిలాగే తల కొంచెం వంచి వింది. ఎన్ని ఏళ్ళకో మళ్ళీ దానికి ఒక పాఠం చెబుతున్నాను. అంత తప్పు మోస్తూ కూడా నా గొంతులో ఒక సంతోషం దూరింది. అది దానికి వినబడకూడదని గొంతు తగ్గించాను.

"పాపం కప్ప," అంది పద్మ. నవ్వలేదు.

పైన పాదాలు కటకటాల్లోంచి మాయమయ్యాయి. ఖుషీ గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ రెండు కాళ్ళూ ఆనించి, అమ్మమ్మ నేర్పినట్టు మెల్లగా దిగి వచ్చింది. మా వెనక మెట్టు మీద ఆగింది. పద్మ వీపు దానికి ఎదురుగా ఉంది. చిన్న అరచేత్తో ఆ వీపు మీద కొట్టింది.

"ఖో."

ఇట్లా కొట్టినప్పుడల్లా నేను ఆటల లేను బిడ్డా అంటుందని కవిత చెప్పింది. ఈసారి పద్మ కూరగాయల సంచి నా ఒళ్ళో పెట్టింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుంది. లేచి, మెట్లు దిగి, వాకిలి దాటి ఎండలోకి పోయింది. కింద పిల్లల గోల ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పెద్దదైంది.

ఖో అన్నవాళ్ళు లేచినవాళ్ళ చోట కూర్చోవాలి, అది ఆట నియమం. ఖుషీకి ఇంకా అంత తెలియదు, అమ్మమ్మ వెనకాలే ఉరికింది. ఆ చోటికి జరిగి నేను కూర్చున్నాను.